గొంతు దాచుకున్న అమ్మ

పోయినవారం టేకమ్మనీ ఆవిడ కూతురు బొమ్మనీ నటనా శిబిరం హాలు గుమ్మంలో నిలబెట్టి మన దారిన మనం వెళ్లిపోయాం. పాపం, ఇంకా అక్కడే ఉన్నారు. వాళ్లని లోపలికి తీసుకెళ్లే ముందు, మధ్యలో వచ్చి కలిసినవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పుకుందాం.

టేకమ్మ డబ్బింగ్ చెప్తుంది. ఎంత పొడుగు డైలాగైనా ఒకే టేకులో ముగించేస్తుందని సౌండు ఇంజనీరు పెట్టిన పేరది. అసలు పేరు ఇంట్లోవాళ్లకే గుర్తు లేదు. జనమంతా మేడమ్ అని పిలుచుకునే పెద్ద నటి తెర మీద నవ్వినా, ఏడ్చినా, విలన్ని కడిగిపారేసినా, ఆ గొంతు టేకమ్మది. ఈ సంగతి బయటికి పొక్కకూడదని నిర్మాతల షరతు. ఎంత గుట్టుగా దాచారంటే, ఆ గొంతు ఎవరిదో మేడమ్‌కి కూడా తెలియదు. టేకమ్మ ఆవిడ మొహాన్ని తన మొహం కంటే ఎక్కువసార్లు చూసింది. ఆవిడ టేకమ్మని ఒక్కసారి కూడా చూడలేదు.

బొమ్మకి పదిహేడేళ్లు, నటనంటే పిచ్చి. వేసవి శిబిరం ఫీజు వాళ్ల తాహతుకి మించినది. దేవుడు చూపించిన దారి ఒకటుంది: మేడమ్ పెట్టిన స్కాలర్‌షిప్పులు. అది దొరికితే బస, భోజనం, చదువు అన్నీ వాళ్లే చూసుకుంటారు. ఈ ఏడాదికి ఇంకా ఒక్కటే మిగిలింది. అందులోనే చిక్కు కూడా ఉంది. మొదటి ఏడాది మేనేజరు మేనల్లుడూ, డ్రైవరు తమ్ముడూ, మేకప్‌మాన్ బావమరిది కొడుకూ బారులు తీరేసరికి ఒళ్లు మండి మేడమ్ ఒక నియమం పెట్టింది. తన సినిమాలకి పనిచేసినవాళ్ల ఇళ్లలోని పిల్లలకి స్కాలర్‌షిప్పు లేదు.

అందుకే టేకమ్మ ఎండాకాలంలో మెడకి మఫ్లర్ చుట్టుకుని, గొంతు పోయినదానిలా బయల్దేరింది. ఆవిడ ఒక్క మాట పైకి అందంటే చాలు, సినిమా చూసే ప్రతివాడూ ఆ గొంతు పోల్చేస్తాడు.

"ఎవరైనా అడిగితే, మా ఇంట్లో అలాంటివాళ్లు ఎవరూ లేరని చెప్పెయ్యి. ఒక్క మాటే కదా, డైలాగనుకో," అంది పొద్దున కూతురి జడ అల్లుతూ.

"నువ్వే లేవని చెప్పమంటావా?" అంది బొమ్మ.

తీరా వచ్చి చూస్తే, శిబిరం నడిపే మాస్టారు ఒక్కడే ఉంటాడనుకున్న చోట మేడమ్ స్వయంగా వచ్చి కూర్చుని ఉంది. మనం వాళ్లని వదిలేసింది సరిగ్గా అక్కడే.

*

హాలు పెద్దది. చెక్క నేల పాదాల రాపిడికి నున్నబడింది. ఒక గోడంతా అద్దాలే కానీ, పిల్లలు తమని తాము చూసుకుంటూ కూర్చోకుండా వాటి మీద నల్లటి తెరలు లాగేశారు. నేల మీద తెల్ల టేపుతో ఒక గీత ఉంది. గీతకి ఎదురుగా మాస్టారికీ మేడమ్‌కీ కుర్చీలు, వాటి వెనక వరసల్లో పిల్లలూ, వాళ్లని తీసుకొచ్చిన పెద్దలూ. టేకమ్మ అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టి గది ఎలా మోగుతుందో చూడబోయింది. డబ్బింగ్ థియేటర్లో అడుగు పెట్టగానే చేసే మొదటి పని అది. బొమ్మ చటుక్కున ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది.

"అమ్మా, చేతులు కూడా మాట్లాడకూడదు," అంది చెవిలో.

టేకమ్మ వెనక వరసలో మూలకి వెళ్లి కుక్కిన పేనులా కూర్చుంది. అయినా వదిలిపెట్టేవాళ్లుంటారా? హాలు చూసుకునే ఆయా మఫ్లర్ చూడగానే ప్రేమ పొంగి వచ్చేసింది.

"ఏమ్మా, గొంతు పట్టేసిందా? ఉప్పునీళ్లు పుక్కిలించావా? ఏదీ, ఒకసారి ఆ అను, చూస్తాను."

టేకమ్మ నోరు బార్లా తెరిచింది, చప్పుడు మాత్రం రానివ్వలేదు. ఆయా లోపలికి తొంగి చూసి, "అయ్యో, పూర్తిగా పోయింది," అని తేల్చేసి వేడినీళ్లు తేవడానికి వెళ్లింది. ఆయా వైద్యానికి టేకమ్మ మనసులోనే దండం పెట్టింది.

"అందరూ టీలు తాగారా?"

హాలు ఉలిక్కిపడింది. ఆ అడిగింది మేడమ్. కానీ ఆ గొంతు బొంగురుగా, గరుగ్గా, ఎక్కడో అడుగునుంచి తోడినట్టు ఉంది. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. సభల్లో చిరునవ్వు నవ్వి కూర్చోవడమే తప్ప మైకు ముట్టుకోని మనిషి ఆవిడ.

"కంగారుపడకండి, జలుబు కాదు. ఇదే నా గొంతు," అంది మేడమ్ నవ్వి. "తెర మీద మీరు వినేది నాది కాదు. నిర్మాతలు దాచమన్నారు, దాచాను. ఇక ఓపిక లేదు. ఇక్కడ చదువుకునే పిల్లల దగ్గరైనా నిజం మాట్లాడాలనిపించింది."

అందరూ గొంతు మారిందని విన్నారు. టేకమ్మ గొంతునే విన్నది. ఇన్నేళ్లుగా ఆ పెదాల కదలికలు తనకి కంఠతా వచ్చు గానీ, వాటి అసలు చప్పుడు ఇవాళే మొదటిసారి. ఆ గరుకుతనం కింద ఎంత వెచ్చదనముందో, మాట చివర ఎంత ఒద్దికగా దిగుతుందో విని ముచ్చటపడిపోయింది. ఇంత మంచి గొంతునా పనికిరాదన్నారు అనుకుంది. ఇన్నాళ్లూ తన ఇల్లు గడిచింది ఈవిడ నోరు నొక్కినందుకేనా అని ఒక్క క్షణం మనసు చివుక్కుమంది.

*

మాస్టారు పరీక్ష మొదలుపెట్టాడు. సీను అందరికీ ఒకటే. తండ్రికి ఉద్యోగం పోయింది. ఆ మాట ఇంట్లో చెప్పలేక తచ్చాడుతుంటాడు. కూతురికో కొడుక్కో ముందే తెలుసు. తండ్రి వేషం మాస్టారిది. మనిషి మంచివాడే గానీ కొంటెవాడు. సీను మధ్యలో ఉన్నట్టుండి గొంతు ఆపేసి, మాట పెగలనట్టు పెదాలు మాత్రం కదుపుతాడు. ఎదుటివాళ్లు అప్పుడేం చేస్తారో చూడాలి, ఆయన పరీక్షంతా అదే.

మొదటి కుర్రాడు, "సార్, వినపడ్డం లేదు," అన్నాడు. రెండో అమ్మాయి తన డైలాగే మళ్లీ అప్పజెప్పింది. మూడోవాడు మాస్టారికి నిజంగానే గుండెనొప్పి వచ్చిందనుకుని మంచినీళ్లకి పరిగెత్తి, ఆయా తెస్తున్న వేడినీళ్లకి అడ్డం తగిలాడు. వాడి మంచి మనసుని అందరూ మెచ్చుకున్నారు, మార్కులు మాత్రం పడలేదు.

బొమ్మ వంతు వచ్చింది.

వెళ్లి గీత మీద నిలబడింది. కాళ్లు దగ్గరగా, చేతులు వెనక్కి, గడ్డం కాస్త పైకి. అంతే, ఇక కదల్లేదు. ఆ పిల్ల చేతికి గాజులుండవు, చెవులకి ఊగేవి ఉండవు, గరగరలాడే బట్ట కట్టదు. మైకు ముందు కదిలితే టేకు పాడవుతుంది. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ తల్లి వెనక డబ్బింగ్ థియేటర్ మూలలో ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నందుకే సౌండు ఇంజనీరు దానికి బొమ్మ అని పేరు పెట్టాడు. కాస్త పెద్దయ్యాక చిన్నపిల్లల వేషాలకి తనూ గొంతిస్తోంది. కదలకే, కదలకే అని వెయ్యిసార్లు చెప్పి పెంచిన టేకమ్మకి ఇప్పుడు, కదలవే తల్లీ అని అరవాలనిపించింది. మఫ్లర్ ఇంకో చుట్టు బిగించుకుంది.

మాస్టారు లోపలికొచ్చాడు. చేతిలో లేని క్యారేజీ ఉన్నట్టు పట్టుకున్నాడు.

"ఇంకా పడుకోలేదా అమ్మా?"

"లేదు నాన్నా," అంది బొమ్మ. గొంతు ఎంత బాగుందంటే, ముందు వరసలో పిల్లలు సర్దుకుని కూర్చున్నారు. కానీ మొహం రాయిలా ఉంది. కళ్లు మాస్టారి కళ్లలోకి చూడటం లేదు. అవి ఆయన పెదాల మీదే ఉన్నాయి. టేకమ్మకి అర్థమైపోయింది. ఈ పిల్ల ఎదుటి మనిషిని చూడటం లేదు, తెరని చూస్తోంది.

"ఇవాళ ఆఫీసులో..." అన్నాడు మాస్టారు. గొంతు ఆగింది. పెదాలు కదిలాయి.

"ఉద్యోగం పోయిందమ్మా."

ఆ మాట హాలంతా వినపడింది. మగవాడి బరువుతో, సిగ్గుతో, మాస్టారి పెదాలకి అచ్చుగుద్దినట్టు సరిపోయింది. మాస్టారు గతుక్కుమని తన నోటి మీద చెయ్యేసుకున్నాడు. ఆయన తర్వాత అందరికీ చెప్పుకున్నదేమిటంటే, ఆ మాట తనే అన్నాడని తనే నమ్మాడట. ఒక్క క్షణం ఎవరికీ ఏం జరిగిందో అర్థం కాలేదు. అర్థమయ్యాక హాలు కడుపు చెక్కలయ్యేలా నవ్వింది. ఎదుటివాడి డైలాగు కూడా తనే చెప్పేసుకున్న నటిని వాళ్లు ఎప్పుడూ చూడలేదు మరి.

బొమ్మ మొహం ఎర్రబడిపోయింది. "సారీ సార్, అలవాటు. పెదాలు ఖాళీగా కదులుతుంటే ఊరుకోలేను," అంది.

మళ్లీ నవ్వులు. టేకమ్మకి తల కొట్టేసినట్టయింది. తప్పు పిల్లది కాదు, తను పెట్టిన విద్యది.

మేడమ్ మాత్రం నవ్వలేదు. కుర్చీ ముందుకి జరుపుకుంది.

"నువ్వు డబ్బింగ్ పిల్లవి కదూ?"

"అవునండీ. చిన్నపిల్లలకి చెప్తాను."

"నా సినిమాల్లో ఎప్పుడైనా చెప్పావా?"

"లేదండీ, ఎప్పుడూ లేదు." అది నిజమే. టేకమ్మ ఊపిరి పీల్చుకుంది.

"సరే. నీ గొంతు ఎలా ఉంటుందో విన్నాం. ఇప్పుడు దాన్ని పక్కన పెట్టు. ఇదే సీను, నోరు విప్పకుండా చెయ్యి. చేతులు ముందుకి తీసుకో. ఇక్కడ మైకు లేదమ్మా, చప్పుడైతే ఎవరూ తిట్టరు."

బొమ్మ చేతులు ముందుకి తెచ్చుకుని, వాటిని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చూసుకుంది. వెనక వరసలో తల్లి చేతులు కూడా తెలియకుండానే ముందుకొచ్చాయి.

మాస్టారు మళ్లీ లోపలికొచ్చాడు. ఈసారి బొమ్మ ఆయన కళ్లలోకి చూసింది. ఎదురెళ్లి ఆ లేని క్యారేజీ అందుకుంది. అందుకోగానే చెయ్యి కాస్త కిందికి దిగింది. క్యారేజీ బరువుగా ఉంది. అంటే నాన్న తినలేదు. ఆ సంగతి ఆ పిల్ల మొహంలోకి రావడం హాల్లో ప్రతివాళ్లూ చూశారు. నేల మీద కూర్చుని మూత తీసి, రెండు గిన్నెల్లో సర్ది, ఒకటి తన ముందు పెట్టుకుని రెండోది పక్కకి జరిపింది. తను మొదలుపెట్టలేదు. తలెత్తకుండా, పక్కనున్న నేలని అరచేత్తో ఒకసారి తుడిచింది.

మాస్టారు వచ్చి అక్కడ కూర్చున్నాడు. పెదాలు కదపాలన్న సంగతే మరిచిపోయాడు. ఆయన కళ్లు నిండిపోయాయి. కొంటెతనమంతా ఎటు పోయిందో.

హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాలని తోచలేదు. వేడినీళ్ల గ్లాసుతో నిలబడిపోయిన ఆయా మాత్రం, "ముందు తినవయ్యా, తర్వాత ఏడుద్దువుగానీ," అంది.

టేకమ్మ కూతుర్ని చూస్తూ ఉండిపోయింది. ఇన్నేళ్లూ ఆ మూలలో కదలకుండా కూర్చున్నది ఊరికే కూర్చోలేదు. తెర మీద ఎన్ని వేల మంది మనుషుల్ని చూసిందో, ఎవరి చెయ్యి ఎప్పుడు ఎలా కదిలిందో అంతా లోపల దాచుకుంది. బంగారు తల్లి అనుకుంది. ఇంత పిల్ల కడుపులో ఇంత ఉందని కన్నదానికే తెలియలేదు.

*

"ఇటు రా," అంది మేడమ్. బొమ్మ దగ్గరికొచ్చాక చెయ్యి పట్టుకుని, అందరికీ వినపడేలా చెప్పింది. "ఈ స్కాలర్‌షిప్పు ఎందుకు పెట్టానో ఎవరికీ చెప్పలేదు. డబ్బింగ్ పిల్లవి కాబట్టి నీకు చెప్పాలనిపిస్తోంది. నేను సినిమాల్లోకి వచ్చిన కొత్తల్లో, తమ్ముణ్ణి ఇంట్లోంచి పొమ్మనే సీనొకటి చేశాను. వీపు తిప్పి నిలబడి, పో, మళ్లీ ఈ గడప తొక్కకు అని గడగడా అనేసి కారెక్కి వెళ్లిపోయాను. తర్వాత సినిమా హాల్లో కూర్చుని చూస్తే, పో అన్నాక ఆ గొంతు తెగింది. ఊపిరందనట్టు ఆగింది. ఆ తర్వాత మిగతా మాట మెల్లగా, బతిమాలుతున్నట్టు వచ్చింది. జనం వెక్కి వెక్కి ఏడ్చారు. ఆ ఏడు ప్రైజు నాకిచ్చారు. ఆ ఆగడం నేను చెయ్యలేదు."

హాలు చెవులు రిక్కించి వింటోంది.

"ఎవరు చెప్పారని అడిగితే, ఎవరో అమ్మాయిలే అన్నారు. ఇంకేం చెప్పలేదు. ఆ రీలు ఎన్నిసార్లు వేయించుకుని చూశానో. మాట కంటే ముందు మనసు ఆగాలని అప్పుడు తెలిసింది. తర్వాత ప్రతి సినిమాలో ఆ గొంతుకి తగ్గట్టు నటించాలని పాకులాడాను. నాకు గురువు లేరు, ఆ గొంతే నేర్పింది. నేర్చుకోవాలనుకునే పిల్లలకి నాలాగా చీకట్లో వెతుక్కునే అవస్థ ఉండకూడదని ఇది పెట్టాను."

టేకమ్మ మఫ్లర్ అంచు నోట్లో కుక్కుకుంది. ఆ రోజు ఆవిడకి నిన్నలా గుర్తుంది. బొమ్మకి నాలుగేళ్లు. ఒళ్లు కాలిపోతోంది, ఇంట్లో చూసేవాళ్లు లేరు, డబ్బింగ్ థియేటర్‌కి తెచ్చి మూలలో కూర్చోబెట్టింది. దగ్గితే టేకు పోతుందని పిల్ల చేతిరుమాలు నోట్లో కుక్కుకుని, కళ్లమ్మట నీళ్లు కారుతుంటే దగ్గు మింగుతోంది. పో అని తల పక్కకి తిప్పిన టేకమ్మ కంట పడింది అది. గొంతు తెగింది. తెర మీద మేడమ్ వీపు తిరిగి ఉంది కనక పెదాలు కలపాల్సిన పని లేదు. ఇదే ఉంచేద్దాం అన్నాడు సౌండు ఇంజనీరు.

అంటే ఈ హాలూ, ఈ గీతా, ఈ స్కాలర్‌షిప్పూ అన్నీ ఆ మింగిన దగ్గులోంచి పుట్టినవే. ఆ దగ్గు మింగిన పిల్లే ఇప్పుడు మేడమ్ చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. ఈ మాట చెప్తే స్కాలర్‌షిప్పు దక్కదు. టేకమ్మకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ మింగేసింది.

మాస్టారు కళ్లు తుడుచుకుని గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, ఇక వేరే ఆలోచన అక్కర్లేదనుకుంటా. అందరినీ అడిగినట్టే ఆ ఒక్క మాటా అడిగేస్తే..."

"అవును," అంది మేడమ్. బొమ్మ భుజాల మీద చేతులేసి తన వైపు తిప్పుకుంది. "స్కాలర్‌షిప్పు నీదేనమ్మా. ఒక్కటి చెప్పు. మీ ఇంట్లో నా సినిమాలకి పనిచేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

బొమ్మ తల తిప్పి వెనక వరస వైపు చూసింది. టేకమ్మ తలూపింది, చెప్పెయ్యమన్నట్టు. ఒక్క మాటే కదా.

కానీ ఆ పిల్ల కళ్లలో ఏమీ లేదు. చేతులు మళ్లీ వెనక్కి పోయాయి. కాళ్లు దగ్గరయ్యాయి. గడ్డం కాస్త పైకి లేచింది. ఇందాక మనిషిని చూసి మనిషిలా కదిలిన పిల్ల మళ్లీ బొమ్మైపోయింది. టేకమ్మ తలూపడం ఆపేసింది. దీనికి నటన నేర్పమని తీసుకొచ్చి, మొదటి డైలాగుగా ఏం చెప్పిస్తున్నాను? కన్నతల్లిని లేదనమనా? ఇంత నిజంగా చేసిన పిల్ల చేత, తన గొంతునే గురువనుకుని మొక్కుతున్న మనిషి ముందా?

బొమ్మ పెదాలు విడిపడ్డాయి.

ఎంత పెద్ద తెర మీదైనా, ఎంత చిన్న పెదాలైనా, మాట పుట్టకముందే అదేమిటో పోల్చుకోవడం టేకమ్మ వృత్తి. ఆ పెదాల మీదికొస్తున్న అబద్ధం ఆవిడకి కనపడింది. చెయ్యి తనంతట తనే మఫ్లర్ లాగేసింది. బొమ్మ నోట్లోంచి చప్పుడు వచ్చేలోపల, కదులుతున్న ఆ పెదాలకి సరిగ్గా సరిపోయేటట్టు, వెనక వరసలోంచి టేకమ్మ చెప్పేసింది.

"మా అమ్మ ఉందండీ."

ఒకే టేకు.

ఏళ్ల తరబడి ఎన్నో చీకటి హాళ్లలో జనాన్ని ఏడిపించిన ఆ గొంతు చెక్క నేల మీద మోగి, గోడకి తగిలి తిరిగొచ్చింది. పిల్లలూ, పెద్దలూ, మాస్టారూ, వేడినీళ్ల గ్లాసుతో ఆయా, అందరూ ఒక్కసారిగా మేడమ్ వైపు తిరిగారు.

మేడమ్ పెదాలు కదల్లేదు. ఆవిడ చెయ్యి మెల్లగా లేచి, తన గొంతు మీద ఆగింది.